తూకం ఎక్కడ వేయాలి?

వానలు లేక మూడేళ్లయింది. కోటలోని సైన్యానికి మాంసం పంపే పశువుల అధికారి రణభీముడు, పరదేశం నుంచి తెప్పించిన భారీ ఎద్దుల్ని మేపుతున్నాడు. వాటికి మేత చాలక, కాపరి ఎల్లమందను అతని పొట్టి పశువుల్ని కోసేసి అడవి ఖాళీ చేయమన్నాడు.

"నావి ముళ్లకంప తిని బతుకుతాయి దొరా."

"బతికితే సరా? బరువేదిరా?"

"తూచండి. మీవి ఇరవై, నావి ఇరవై. ఓడితే మందతో పాటు నన్నూ నరకండి. గెలిస్తే అడవి మాకు వదిలేయండి. కాకపోతే తూకం మాంసం తినేచోట, కోటలోనే వేయాలి."

రణభీముడు నవ్వి ఒప్పుకున్నాడు.

కోట ఎనిమిది రోజుల నడక. దారిలో గడ్డి లేదు, చెలమలు ఎండిపోయాయి. మూడోనాడు పెద్ద ఎద్దులు కూలబడసాగాయి. ఆరోనాటికి ఒక్కటీ మిగల్లేదు. ఎల్లమంద ఎద్దులు తుమ్మకాయలు నములుతూ, ఎముకలు తేలి, ఇరవైకి ఇరవై చేరాయి.

"తూకమే జరగలేదు, పందెం చెల్లదు!" అని సేనాపతి ముందు అరిచాడు రణభీముడు.

"జరిగింది దొరా," అన్నాడు ఎల్లమంద. "మీవాటిని దారిలో రాబందులు తూచుకున్నాయి."

ఎవరూ నవ్వలేదు. సైనికులు అప్పటికే ఆ ఎద్దుల్ని కోయడానికి కత్తులు నూరుతున్నారు. అడవిని ఎల్లమంద ఆవులకే వదిలేయమన్నాడు సేనాపతి. ఎల్లమంద తన ఇరవై ఎద్దుల మెడగంటలు ఒక్కొక్కటే విప్పుకుని ఇంటిదారి పట్టాడు.