చుక్కమ్మ ఒప్పుకున్న తప్పు

తేనెలకోన అడవిలో ఏనుగులు, దుప్పులు, అడవి పందులు, కుందేళ్లు, రకరకాల పిట్టలు ఉండేవి. ఎండాకాలంలో వాగులన్నీ ఎండిపోతే వాటికి మిగిలేది ఒక్కటే మడుగు. అందరూ తలలు వంచి నీళ్లు తాగుతుంటే, పులి జాడ కనిపెట్టి కేకెయ్యడానికి ఒక కాపలా పిట్ట ఉండేది.

ఆ ఏడు కాపలా కాసే ముసలి కొంగకు కళ్లు మసకబారాయి. కొత్త కాపలా పిట్టను ఎంచుకుంటానని, పున్నమి మర్నాడు పొద్దున్నే మడుగు దగ్గరికి రమ్మని పెద్ద ఏనుగు గంగవ్వ కబురు పంపింది.

కబురు వినగానే తీతువు పిట్ట చుక్కమ్మకు ఆశ పుట్టింది. తీతువులు చెట్ల మీద గూడు కట్టవు. నేల మీద గులకరాళ్ల మధ్యే గుడ్లు పెడతాయి. పోయిన ఎండాకాలం పందుల మంద చుక్కమ్మ గుడ్లు నాలుగూ తొక్కేసింది. కాపలా పిట్ట గూడు చుట్టూ మాత్రం ఏనుగులు బండరాళ్లు పేరుస్తాయి. ఆ రాళ్లు దాటి ఎవరూ కాలు పెట్టకూడదని అడవి కట్టుబాటు. చుక్కమ్మ మళ్లీ గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి. ఆ పని దొరికితే ఈసారైనా పిల్లలు దక్కుతాయి.

నెమలి నీలాంబరం కన్ను కూడా ఆ పని మీద పడింది. ఆ బండరాళ్ల మధ్య పురి విప్పి నిలబడితే ఎంత బాగుంటుందో అని దాని ఆశ. నేరుగా పిట్టలకు పాఠాలు చెప్పే గోరువంక పంతులు దగ్గరికి వెళ్లింది.

"ఏమడిగినా నాకంతా వచ్చు అనాలి. తప్పు ఒప్పుకున్నావో, పని పోయినట్టే!" అని పంతులు నూరిపోసింది. నెమలి నీళ్లలో తన నీడ చూసుకుంటూ ఆ మాటలే వల్లె వేసింది.

చుక్కమ్మకు పంతులు దగ్గరికి వెళ్లే ధైర్యం లేదు. మొగుడు గులకయ్యే పంతులయ్యాడు. ఒక గడ్డిపరకను ముక్కున కరిచి తొండంలా ఊపాడు.

"ఊఁ, నేనే గంగవ్వను. చెప్పవే, నీకేం వచ్చు?"

నోరు తెరిచినప్పుడల్లా తొండం కింద పడేది. చుక్కమ్మ పకపకా నవ్వింది. అంతలోనే కళ్లు చెమర్చాయి.

"నా గొంతు అపశకునం అంటారు కదయ్యా. నన్నెవరు పెట్టుకుంటారు?"

"నాకు మాత్రం నీ గొంతు వింటేనే ఇంటికొచ్చినట్టుంటుందే. అడిగినదానికి ఉన్నది చెప్పు, చాలు" అన్నాడు గులకయ్య.

పున్నమి మర్నాడు పొద్దున్నే మడుగు దగ్గర అందరూ చేరారు. గంగవ్వ ముందు నెమలిని అడిగింది.

"ప్రమాదం పసిగట్టడంలో ఎప్పుడైనా తప్పు చేశావా?"

"నేనా? బుద్ధెరిగాక ఒక్క తప్పూ చేయలేదు!" అంటూ నెమలి పురి విప్పింది. దుప్పులు ఆహా అన్నాయి.

"సరే. ఇందాకటి నుంచి ఇక్కడే ఉన్నావుగా. నీ వెనక నీళ్లకు ఎవరొచ్చారు?"

నెమలి గిరుక్కున వెనక్కి తిరిగి చూసింది. "అది పంతులు చెప్పలేదు" అంది.

తర్వాత చుక్కమ్మ వంతు. గంగవ్వ అదే మాట అడిగింది.

"చేశానవ్వా. పోయిన ఏడు ఎండుటాకు గలగలమంటే పులి అనుకుని అరిచాను. అందరూ నవ్వారు. మర్నాడు మళ్లీ చప్పుడైంది. నవ్వుతారని సిగ్గుపడి నోరు మూసుకున్నాను. వచ్చింది పందుల మంద. నా గుడ్లు నాలుగూ పోయాయి. అప్పటినుంచి ఆకు కదిలినా అరుస్తున్నాను."

ఎవరూ నవ్వలేదు. వెనక నిలబడ్డ పెద్ద పంది తల దించుకుంది.

"మరి నీళ్లకు ఎవరొచ్చారు?" అంది గంగవ్వ, మెల్లగా.

"రెండు కుందేళ్లు, ఒక కుంటి దుప్పి. ఇంతమందిని చూసి బెదిరి దుప్పి ఇంకా పొదలోనే ఉందవ్వా. పాపం, దానికి దాహంగా ఉంది."

గంగవ్వ తొండంతో చుక్కమ్మను దగ్గరికి తీసుకుంది.

"నువ్వు పదిసార్లు ఊరికే అరిస్తే పదిసార్లు తలెత్తుతాం, పోయేదేముంది? ఒక్కసారి సిగ్గుపడితే ప్రాణాలే పోతాయి. ఆ సంగతి తెలిసినదానివి నువ్వే. ఈ మడుగు కాపలా ఇక నీది తల్లీ!"

ఆ మధ్యాహ్నమే ఏనుగులు బండరాళ్లు తెచ్చాయి. అన్నిటికన్నా ముందు ఒక రాయిని మూతితో దొర్లించుకుంటూ వచ్చింది పెద్ద పంది.

కొన్నాళ్లకు ఆ రాళ్ల మధ్య నాలుగు పిల్లలు తిరిగాయి. ఒకరోజు ఎండుటాకు కదిలితే చుక్కమ్మ గొంతు చించుకుని అరిచింది. నెమలితో సహా అందరూ తలలెత్తి చూశారు. ఆకేనని తెలిసి, నిశ్చింతగా మళ్లీ నీళ్లు తాగారు.

నీతి: తప్పే చేయలేదని గొప్పలు పోయేవారి కన్నా, చేసిన తప్పును ఒప్పుకుని దిద్దుకున్నవారే నమ్మదగినవారు.