తిత్తి సుంకన్న తాగిన మొదటి గుక్క

ఏ రాజు ఏలేవాడో ఎవరికీ గుర్తులేనంత పాత మాట ఇది. రాజు పేరు గాలికి పోయింది. ఆ రాజు దండుకు తోలుతిత్తిలో నీళ్లు మోసిన సుంకన్న పేరు మాత్రం నిలిచింది. ఎట్లా నిలిచిందో వినండి మరి.

యుద్ధం ముగిసి ఆ దండులోని బంటు ఓబన్న ఇల్లు చేరాడు. ఒంటి మీద గాటు కూడా లేదు. "దేవుడు చల్లగా చూశాడు" అన్నారు ఊళ్లోవాళ్లు. వాళ్లకేం తెలుసు, పాపం! రోకటి పోటు వినబడితే ఓబన్న గోడకు అతుక్కుపోయేవాడు. కన్ను మూస్తే చచ్చినవాళ్లు లేచొచ్చేవాళ్లు. ఒకనాడు కూతురు గంగి వెనకనుంచి వచ్చి మెడ చుట్టుకుంటే, చూడకుండానే కత్తి దూశాడు. వెంట్రుకవాసిలో తప్పింది. ఆనాటినుంచి పశువుల కొట్టంలోనే పడక. తను ఇల్లు విడిచిపోతే పిల్లయినా బతుకుతుందనుకున్నాడు.

భార్య లింగమ్మ ఆ సంగతి సుంకన్నకు చెప్పుకుని ఏడ్చింది.

సుంకన్న వచ్చాడు. "ఓబన్నా, ఏటి అవతల మందుల ఈరమ్మ ఉంది. మనసు చెదిరినవాళ్లకు కషాయమిస్తుంది, కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది. పోదాం రా" అన్నాడు.

"నాకేం జబ్బు? కాలు విరిగిందా, కన్ను పోయిందా?" అన్నాడు ఓబన్న.

రెండోసారి వచ్చాడు. అదే మాట, అదే జవాబు. పైగా, "బంటు పిచ్చిమందు తాగితే నలుగురూ నవ్వరా?" అన్నాడు ఓబన్న.

మూడోసారి వచ్చాడు. ఈసారి పక్కన చతికిలబడ్డాడు. "నేనే పోవాల ఓబన్నా. దాహమని అరిచినోళ్లు నా చెవుల్లో ఇంకా అరుస్తానే ఉన్నారు. పోయినేడు ఈరమ్మ దగ్గర కుదుటపడింది, మళ్లీ మొదలైంది. ఒక్కణ్ణే ఏరు దాటలేను. తోడు రా."

తోటివాడు తోడడిగితే బంటు కాదంటాడా? ఓబన్న లేచాడు.

ఈరమ్మ ఇద్దరి ముందూ కషాయం ముంతలు పెట్టింది. "తోడొచ్చినోడికెందుకు?" అని ఓబన్న తన ముంత ముట్టలేదు.

దండులో ఒక కట్టుబాటు ఉండేది. శత్రువులు బావుల్లో విషం కలిపి పోయేవాళ్లు. అందుకని ఏ బావి నీళ్లయినా తిత్తి మోసేవాడే ముందు తాగాలి. వాడు నిలబడితేనే బంట్లు తాగేది.

సుంకన్న ఓబన్న ముంత అందుకుని ఒక గుక్క తాగాడు. మూతి తుడుచుకున్నాడు. "చేదే. చావలేదు కదా, తాగు" అన్నాడు.

ఓబన్న చెయ్యి అలవాటుగా ముందుకు సాగింది. తాగాడు. సుంకన్న తన గోడు మొదలుపెట్టాడు. నీళ్లందక పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పాడు. సగంలో ఓబన్న గొంతు పెగిలింది. "నా కత్తి నా బిడ్డ మీదికే లేచిందమ్మా" అన్నాడు ఈరమ్మతో. దండులో ఎన్నడూ ఏడవనివాడు భోరుమన్నాడు.

ఒక్కనాటితో నయమైపోయిందంటే నేను అబద్ధం చెప్పినట్టే. ఇద్దరూ ఏరు దాటుతూనే ఉన్నారు. ఎండలు పోయి వానలొచ్చాక ఓబన్న కొట్టం వదిలి ఇంట్లో పడుకున్నాడు. గంగి వాళ్ల నాన్న పక్కనే పడుకుంది.

ఆ తర్వాత సుంకన్న ఇంకో బంటు గడప తొక్కాడు. ఆ తర్వాత మరొకడిది. ముసలివాడై అతను కన్నుమూసిన రోజు, పాడె పట్టడానికి ఎక్కడెక్కడి బంట్లో వచ్చారు. సుంకన్న నీకెట్లా తెలుసంటే నీకెట్లా తెలుసని ఒకరినొకరు అడిగారు. "పాపం, ఒక్కణ్ణే ఏరు దాటలేనంటే తోడుపోయాను" అన్నాడు ప్రతివాడూ.

ఇప్పటికీ ఆ ఏటిసీమలో మనసు బాగాలేనివాడు ఒంటరిగా మందుకు పోడు. వెంటపోయినవాడే మొదటి గుక్క తాగుతాడు. మీలో జబ్బు ఎవరికని అక్కడ ఎవరూ అడగరు.