చెంచమ్మ కప్పుకున్న శాలువా

రండమ్మా, దగ్గరికి జరగండి. గోడకానుకున్న పెద్దాయనా, మీరూ ముందుకు రండి. దేవుడికో దణ్ణం పెట్టుకుని మొదలెడుతున్నా.

ఒక అడవిలో ఒక బడి. పాఠాలు చెప్పేవి చిలకలు. వాటి పిల్లలకు కొండమీది కాలేజీలో సగం ఫీజే. ఆ బడిలో ఆయాగా పనిచేసే మేక చెంచమ్మ కూతురికీ ఆ కాలేజీలోనే సీటొచ్చింది. ఆ రోజు సాయంత్రంలోగా చేరకపోతే సీటు పోతుంది.

"అయ్యగారూ, మా పిల్లకీ ఆ సగం ఫీజు కాగితం ఇప్పించండి" అంది చెంచమ్మ, మేనేజరు నక్క గుర్నాథంతో.

"అది టీచర్లకే! ముక్కులు తుడిచేదానికి కాలేజీ రాయితీనా?"

"అడగందే అమ్మైనా పెట్టదని అడిగాను బాబూ."

"అడిగావుగా, ఇక నడువు!"

ఇంతలో కాపలా కుక్క పరిగెత్తుకొచ్చింది. "అయ్యా, ఏనుగు దొరగారు తనిఖీకి వస్తున్నారు!"

గుర్నాథం గుండె జారింది. చిలకలన్నీ పాఠాలు ఎగ్గొట్టి జామతోటలో ఉన్నాయి మరి!

"చెంచమ్మా, తల్లీ! ఈ శాలువా కప్పుకుని ఒకటో తరగతిలో కూర్చో. ఒరే సింహాద్రీ, నీళ్ళ కడవలు దించి రెండో తరగతిలోకి నడు. నోరు మాత్రం తెరవకు!"

సింహాద్రంటే బడికి నీళ్ళు మోసే గాడిద లెండి.

దొరగారు రానే వచ్చారు. "ఈవిడెవరు?"

"టీచరండీ! పదేళ్ళ సర్వీసు!"

"ఏం పిల్లలూ, నిజమేనా?"

"రోజూ ఈవిడేనండీ!" అన్నారు పిల్లలు, ఉన్నమాటే.

గుర్నాథం మీసం దువ్వుకున్నాడు. చెంచమ్మ మెల్లగా లేచింది.

"దొరా, ఇందాక నన్ను టీచర్ని కాదని తరిమింది ఈయనే. అవునో కాదో ఇప్పుడే తేల్చమనండి. అవునంటే నా పిల్లకి సగం ఫీజు కాగితం ఇవ్వాలి. కాదంటే మీకు జామతోటకి దారి చూపించాలి."

దొంగకు తేలు కుట్టినట్టయింది గుర్నాథానికి. "టీ... టీచరేనండీ!"

"అయితే రాయి" అన్నారు దొరగారు.

కాగితం చేతికొచ్చినా చెంచమ్మ కదల్లేదు. "నీళ్ళు మోసే సింహాద్రికీ, కాపలా కాసే కుక్కకీ పిల్లలున్నారు దొరా. నాకొక్కదానికేనా?"

ఏనుగు దొర పొట్ట కదిలేలా నవ్వారు. "బడి నడుపుతున్నదెవరో కళ్ళారా చూశాను. బడిలో పనిచేసే అందరి పిల్లలకీ అని రాయవయ్యా! రాశాక, ఆ జామతోట కూడా చూపిద్దువుగాని, పద."

పనికి అక్కరకొచ్చినవాళ్ళకి ఫలంలోనూ పాలు దక్కాలి, అదీ నీతి.

నాయనలారా, తన కాగితం చేతిలో పడ్డాక కూడా పక్కవాళ్ళ పేరెత్తింది చూశారా, ఆ ఒక్క పనీ మనసులో పెట్టుకోండి. రేపు మీరూ చెయ్యండి, దేవుడు మెచ్చుతాడు.