గవరమ్మ అడిగిన మసిగుడ్డ

అనగనగా, రాజుకైనా కూలివాడికైనా ఆకలి ఒక్కలాగే వేసే రోజుల్లో, చెలమపురం అనే పట్నం ఉండేది. ఆ పట్నం పొలిమేరలో, ఏరు దాటే రేవు పక్కన, ఒక సత్రం. బండివాళ్ళు, యాత్రికులు, కూలికి పోయేవాళ్ళు, దారిన వచ్చిన ఎవరికైనా అక్కడ మధ్యాహ్నం ఒక విస్తరి దొరికేది. ఏ ఊరని అడగరు, ఏ కులమని అడగరు. ఆకలేసిందా, కూర్చో. అంతే.

ఆ సత్రంలో వంట భీమన్నది. వడ్లు దంచే పని గవరమ్మది. దంచిన బియ్యం గుమ్మం దాకా తెచ్చి పెట్టడమే తప్ప, పొయ్యి దగ్గరికి ఆమెను ఎవరూ రానిచ్చింది లేదు.

ఒకనాడు రాజుగారు వేట ముగించుకుని వస్తూ రేవు దగ్గర ఆగారు. భీమన్న చేసిన గోంగూర పులుసు రుచి చూశారు. చూసి ఊరుకున్నారా? భీమన్నను పల్లకీ ఎక్కించి కోటకు పట్టుకుపోయారు. భీమన్న తన గిన్నెలూ గరిటెలూ మూటకట్టుకుని మరీ పోయాడు. సత్రంలో మిగిలినవి మూడు రాళ్ళ పొయ్యి, ఒక మట్టికుండ, గవరమ్మ.

మర్నాడు పొయ్యి వెలగలేదు. వచ్చినవాళ్ళు ఏట్లో నీళ్ళు తాగి పోయారు.

దండనాయకుడు వీరమల్లుడు ఇదే అదను అనుకున్నాడు. సభలో చేతులు కట్టుకుని, "ప్రభూ, పొయ్యి వెలగని సత్రం ఎందుకు? నా గుర్రాలు ఎండలో మాడిపోతున్నాయి. దాన్ని గుర్రపుసాలగా ఇప్పించండి" అన్నాడు.

గుర్రం వీపు మాడితే చూసే కళ్ళకు మనిషి కడుపు మాడడం కనబడదు పిల్లలూ. కోటలో ఉండేవాళ్ళ కళ్ళు అలాంటివి.

ఆ మాట గవరమ్మ చెవిన పడింది. చేతిలో రోకలి చేతిలోనే ఉంది. అలాగే నడిచి సభకు పోయింది.

"ప్రభూ, ఆ పొయ్యి నేను వెలిగిస్తాను" అంది.

సభ గొల్లుమంది. "రోకలి పట్టిన చెయ్యి గరిటె పడుతుందా?" అన్నాడు దండనాయకుడు.

"గరిటె పట్టుకుని ఎవరు పుట్టారయ్యా?" అంది గవరమ్మ. "తమరు కత్తి పట్టుకునే పుట్టారా? మీ అమ్మ బతికి బట్టకట్టిందంటే లేదనే కదా!"

రాజుగారికి నవ్వు వచ్చింది, కానీ మీసం చాటున దాచుకున్నారు.

"సరే. వచ్చే పున్నమి దాకా గడువు. ఆనాడు రేవులో ఆగిన బండివాళ్ళు కడుపునిండా తిని లేస్తే ఆ సత్రం సత్రంగానే ఉంటుంది. లేదా, గుర్రాలది. ఇంకొక మాట. వంట నేర్చుకునేదానికి సామాను ఉండాలి కదా. కానుకలు మేమే ఇస్తాం!"

సభంతా చప్పట్లు. "నాకు కావలసింది..." అని గవరమ్మ నోరు తెరిచింది. అంతలో భేరీలు మోగాయి. ఆ మోతలో ఆమె మాట ఎవరికీ వినబడలేదు. వినబడాలని ఎవరూ అనుకోనూ లేదు.

మొదటి కానుక రాజుగారిది: బంగారు గరిటె. పిడి మీద కెంపులు. దానికి కాపలాగా ఇద్దరు భటులు కూడా వచ్చారు. వాళ్ళిద్దరికీ రెండు పూటలా కూడు గవరమ్మే పెట్టాలి! ఆ గరిటెతో పప్పు కలిపితే, పప్పు ఉడికేలోపు పిడి కాలింది. అరచెయ్యి బొబ్బలెక్కింది. కెంపులు మాత్రం చెక్కుచెదరలేదు.

రెండో కానుక మంత్రిగారిది: ఇత్తడి గంగాళం. దాని చుట్టూ మంత్రిగారి పేరు, బిరుదులు చెక్కి ఉన్నాయి. పెళ్ళికి వండే గంగాళం అది, రేవులో ఆగే గుప్పెడు మందికి కాదు. పేరు చెక్కించిన మంత్రిగారు లోపల కళాయి పూయించడం మరిచారు. కళాయి లేని ఇత్తడిలో చింతపండు పడితే ఏమవుతుందో మీ అమ్మనడగండి. చారు కిలుమెక్కి, తాగినవాళ్ళంతా ఏటి గట్టు మీద వంగి కూర్చున్నారు.

మూడో కానుక దండనాయకుడిది: అడవిపందిని నరికే కత్తి. "కోయడానికి కత్తే కదా కావాలి!" అని నవ్వి పంపాడు. ఆ కత్తితో గవరమ్మ వంకాయ కోసింది. వంకాయతో పాటు బొటనవేలూ తెగింది.

ఇక అన్నం మాట. అన్నం ఉడికాక గంజి వార్చాలి. సలసలా కాగే కుండను రెండు చేతులా పట్టి వంచాలి. ఒక్క మెతుకు పట్టి చూసి, పలుకు విరిగిందనగానే వంచాలి. ఆలస్యమైతే అన్నం సంకటే. పట్టుకోవడానికి గుడ్డేది? గవరమ్మకు ఒంటి మీద ఉన్నది ఒక్కటే కోక. ఇంకొకటి ఉంటేనే కదా పాతది చింపి మసిగుడ్డ చేసేది! కొంగుతో పట్టబోతే కొంగు అంటుకుంది. వట్టి చేత్తో పట్టబోతే కుండ వదిలేసింది. ఎలా వార్చాలా అని తటపటాయించేసరికి రోజూ అన్నం ముద్ద.

"అక్కా, ఇది అన్నమా, గోడకు పూసే సున్నమా?" అన్నాడు బండి తోలే సన్యాసి, విస్తరి ముందు కూర్చుని.

"పూసి చూడరా తమ్ముడూ, నీ ఇల్లు వందేళ్ళు నిలబడుతుంది" అంది గవరమ్మ. "రేపు కూడా రా. రేపు తినేలా వండుతా."

అలా అంది కానీ, సన్యాసి పోయాక బొబ్బల చేతులు కడవలో ముంచి కూర్చుంది. పున్నమి దగ్గర పడుతోంది. గడప అవతల దండనాయకుడి మనుషులు గుంజలు పాతడానికి గుంటలు కొలుస్తున్నారు. సత్రం లోపల ఇంకా మనుషులు తింటూనే ఉన్నారు, బయట గుర్రాలకు చోటు చూస్తున్నారు!

అది చూసేసరికి ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

మర్నాడు సన్యాసి రాగానే గరిటె, గంగాళం, కత్తి, మూడూ అతని బండి మీదికి ఎత్తించింది. "అక్కా, రాజుగారిచ్చింది తిప్పి ఇస్తే తల ఉండదే!" అన్నాడు సన్యాసి.

"తల ఉండి చేసేదేముంది, చేతులు కాలిపోయాక? తోలు బండి" అంది.

సభ మధ్య మూడు కానుకలూ దించింది. గంగాళం ఠంగుమని మోగింది.

"ప్రభూ, ఇవి నాకిచ్చిన కానుకలు కావు. మీకు మీరు ఇచ్చుకున్నవి. గరిటెలో మీ సిరి ఉంది, గంగాళం మీద మంత్రిగారి పేరుంది, కత్తిలో దండనాయకుడి పొగరుంది. నా చెయ్యి ఎందులోనూ లేదు. తీసుకోండి."

రాజుగారి ముఖం కందగడ్డయింది.

"మేమిచ్చినది పనికిరాదా? మరి నీకేం కావాలి?"

"మసిగుడ్డ."

ఈసారి నవ్వు సభ దాటి వీధిలోకి పోయింది. "రాజుగారి చేతి కానుకగా మసిగుడ్డా!" అని మంత్రి పొట్ట పట్టుకున్నాడు. ఆ ఊళ్ళో ఒకర్ని తిట్టాలంటే "మసిగుడ్డ మొహమా" అంటారు మరి.

గవరమ్మ కదల్లేదు. "నవ్వండి. నవ్వడం అయ్యాక నాతో రండి. రాజుగారి గరిటెతో రాజుగారే ఒక్క కుండ అన్నం వండి దించితే, పున్నమి దాకా ఎందుకు, ఈ సాయంత్రమే ఊరు విడిచి పోతాను."

పంతం రాజులకే ఎక్కువ. రాజుగారు సింహాసనం దిగారు. వెనకాలే సభంతా కదిలింది. రేవు నిండా జనం.

పొయ్యి రాజేశారు. ఎసరు పెట్టారు. బియ్యం పోశారు. రాజుగారు బంగారు గరిటె పెట్టి ఒక తిప్పు తిప్పారు, రెండో తిప్పుకు "అబ్బా!" అని వదిలేశారు. గరిటె బుడుంగున అడుక్కి పోయింది.

"పరవాలేదు ప్రభూ, అన్నానికి గరిటెతో పనిలేదు" అంది గవరమ్మ. "మెతుకు చూడండి."

రాజుగారు మెతుకు నలిపి చూశారు. పలుకు విరిగింది.

"వార్చండి!"

"ఎలా పట్టుకోవాలి?"

"నేనూ అదే అడగబోయాను ప్రభూ. భేరీలు మోగించారు."

కుండ కుతకుతమంటోంది. రాజుగారు మంత్రి వంక చూశారు. మంత్రి ఆకాశం వంక చూశాడు. దండనాయకుడి వంక చూశారు. దండనాయకుడు కత్తి తీశాడు. కుండను కత్తితో ఏం చేస్తాడు?

"ముద్దయిపోతోంది ప్రభూ!" అని సన్యాసి అరిచాడు. బండివాళ్ళంతా అరిచారు.

రాజుగారు ఇక ఆగలేదు. భుజం మీది పట్టు ఉత్తరీయం లాగి, రెండు మడతలు వేసి, కుండను రెండు చేతులా పట్టి వంచారు. గంజి ధారగా దిగింది. ఆవిరి ముఖానికి కొట్టింది. కుండ కింద పెట్టి నిలబడేసరికి ఉత్తరీయం జరీ నల్లగా మసైపోయింది.

మెతుకుకు మెతుకు విడివిడిగా ఉంది అన్నం.

"ప్రభూ, తమరి చేతిలో ఉన్నదాన్ని ఏమంటారు?" అంది గవరమ్మ.

రాజుగారు చేతిలోకి చూసుకున్నారు.

"మసిగుడ్డ" అన్నారు.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

రాజుగారు ఆమె దగ్గరికి వచ్చి, "ఏదీ, నీ చెయ్యి చూపించు" అన్నారు. గవరమ్మ చూపించింది. అరచేతి బొబ్బ చూసి కర్రపిడి గరిటె తెప్పించారు. తెగిన బొటనవేలు చూసి కత్తిపీట తెప్పించారు. ఆమె రెండు చేతుల మధ్య వెడల్పు కొలిపించి, అంతకు సరిపడే గిన్నె, లోపల కళాయి పూయించి మరీ ఇప్పించారు. చివరికి నూలుగుడ్డలు ఒక మోపెడు. మంత్రిగారి గంగాళాన్ని కోట అటక ఎక్కించారు. అక్కడైతే పేరు అందరికీ కనబడుతుంది!

పున్నమి వచ్చింది. గవరమ్మ పప్పు, వంకాయ కూర, చారు, అన్నం వండింది. నిజం చెప్పాలంటే చారులో ఉప్పు ఒక రవ్వ ఎక్కువైంది. నేర్చుకునే చెయ్యి మరి. అయినా బండివాళ్ళు "వదినా, ఇంకో గరిటె", "అక్కా, ఇటు ఇంకో ముద్ద" అంటూ విస్తర్లు తుడిచి లేచారు.

రాజుగారు కూడా ఆ బంతిలోనే, సన్యాసి పక్కన కూర్చుని తిన్నారు. దండనాయకుడి మనుషులు తవ్విన గుంటల్లో గవరమ్మ కరివేపాకు మొక్కలు నాటించింది. గుర్రాలు వేరేచోట చూసుకున్నాయి.

ఇచ్చేవాడి గొప్ప కోసం ఇచ్చిన కానుక అటకెక్కుతుంది; పుచ్చుకునేవాడి చెయ్యి చూసి ఇచ్చిన కానుకే పొయ్యెక్కి నలుగురి కడుపు నింపుతుంది.