దసలి పురుగు తలలో వెలుగుచుక్క

ఒకప్పుడు పురుగులకు కాలం తెలిసేది కాదు. నల్లమద్ది అడవిలో ఉండే దసలి పట్టుపురుగులకైతే అసలే తెలిసేది కాదు. ఆకులన్నీ మేసి, కొమ్మకు పట్టుకాయ కట్టుకుని, లోపల ముడుచుకుని పడుకునేవి. ఏనుగుల మంద వచ్చి కింద పెళ్లి చేసుకుని, భోజనాలు చేసి పోయినా కాయ కదిలేది కాదు.

లేపే పని మబ్బుది. మబ్బు ఉరిమితే లేవాలి. అదీ ఆచారం.

ఒక ఏడు మాఘమాసంలో, మోడువారిన అడవి మీదుగా ఓ పిల్లమబ్బు పోతూ పోతూ గడగడమంది. కాయలన్నీ గబగబా తెరుచుకుని, పురుగులు రెక్కలతో బయటపడ్డాయి. రెక్కల మీద కళ్లలాంటి చుక్కలున్న కన్నులమ్మ కూడా బయటికొచ్చింది. వచ్చీరాగానే గుడ్లు పెట్టేసింది. ఎన్ననుకున్నారు? కొమ్మలు చాలక ఆకాశానికి కూడా నాలుగు అంటించింది.

అప్పుడు తలెత్తి చూస్తే మద్దిచెట్టుకు ఒక్క ఆకు లేదు.

గుడ్లు పగిలి పిల్లలొస్తే ఏం తింటారు? కన్నులమ్మకు కాళ్లాడలేదు. ఆరు కాళ్లూ ఆడలేదు.

వెళ్లి మబ్బును నిలదీసింది. తానెవరినీ పిలవలేదనీ, గొంతులో దుమ్ము పడి దగ్గొచ్చిందనీ, దగ్గుకు లేచినవాళ్లదే తప్పనీ చెప్పి మబ్బు జారుకుంది.

కన్నులమ్మ మద్దిచెట్టును బతిమాలింది. చెట్టు ఆవలించి, వేళ్లలో దాచుకున్న సారం తీసి ఒక్క కొమ్మ చిగురుస్తానంది.

"ఈ ఒక్కసారికే చెల్లీ. వచ్చే ఏడు కూడా ఇలాగే లేచారంటే నేను ఎండిపోతాను."

ఈ ఏడు గడుస్తుంది సరే, రాబోయే ఏళ్ల మాటేమిటి? కన్నులమ్మ రెక్కలు చిరిగేదాకా ఎగిరి పడమటికొండ చేరింది. సూర్యుడు అప్పుడే కొండ దిగుతున్నాడు. ఆమె గోడంతా నిదానంగా విన్నాడు. వాన మాట తప్పుతుందనీ, ఎండ వేడిమి కూడా ఒక్కోసారి తన చేతిలో ఉండదనీ ఒప్పుకున్నాడు.

"పగటి పొద్దు పొడవు విషయంలో మాత్రం నేనెప్పుడూ తప్పలేదమ్మా. దాన్ని నమ్ముకోండి."

ఆవగింజను వెయ్యి ముక్కలు చేస్తే వచ్చే ముక్కంత వెలుగుచుక్కలు గుప్పెడు తీశాడు. అలాంటి చుక్క ఒకటి తలలో ఉంటే తెల్లవారగానే విప్పారుతుందట, చీకటిపడగానే ముడుచుకుంటుందట. పొద్దు పొట్టిబడుతుంటే పడుకోమంటుంది, చాలినంత పొడుగయ్యాక లేవమంటుంది.

"అయితే అది ఊరికే వెలగదు. రెక్కలొచ్చాక మీరు తినే తిండి దానికివ్వాలి."

కన్నులమ్మ వచ్చిన దారివైపు తిరిగి చూసింది. రెక్కలొచ్చిన నాటినుంచీ తేనె రుచి చూడాలని ఆమెకు కొండంత ఆశ. దారి పొడవునా మోదుగపూలు అప్పుడే విచ్చుకుంటున్నాయి.

"పిల్లలు తింటే చాలు తాతా. నా నోరు తీసేసుకో" అంది.

సూర్యుడు వేలికొసతో ఆమె నోటిని మెల్లగా తుడిచేశాడు. కన్నులమ్మ మోదుగపూల పక్కనుంచే ఎగిరి వెనక్కొచ్చి, ఒక్కో గుడ్డులో ఒక్కో చుక్క పెట్టింది.

మరుసటి మాఘంలో మబ్బు మళ్లీ వచ్చింది. ఈసారి కొండలు చిట్లి, చేపలు చెట్లెక్కేలా ఉరిమింది. ఒక్క కాయా తెరుచుకోలేదు.

అప్పటినుంచే, పొద్దు పొట్టిబడగానే దసలి పురుగులు కాయ కట్టుకుని పడుకుంటాయి. మధ్యలో ఎవరు పిలిచినా పలకవు. పొద్దు బాగా పొడవై, మద్దిచెట్టు నిండా ఆకులేశాక లేస్తాయి. అలా లేచిన రెక్కల పురుగుకు ఈనాటికీ తినే నోరుండదు. పూలన్నీ దాటుకుంటూ పోయి, ఆకుల మధ్య గుడ్లు పెడుతుంది.