కోనమ్మ దొడ్డిదారి

ఎర్రమట్టి గట్టు మీది అడవికీ, వాగవతలి తోడేళ్లకీ యుద్ధం మొదలై రెండు వానాకాలాలు గడిచాయి. వాగొడ్డున ఉన్న బొరియలన్నీ తోడేళ్లు తవ్వి పారేశాయి. ఇల్లు పోయినవాళ్లకి గట్టు మీది గుహలు పంచమని ఆజ్ఞ ఇచ్చి, రాజు ఎలుగుబంటి సరిహద్దుకి వెళ్లాడు. పంచే పని నక్క జిత్తప్పది. ఇంకేముంది, దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు.

పందికొక్కు కోనమ్మ నలుగురు పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. పెనిమిటి సరిహద్దులో కందకాలు తవ్వుతున్నాడు. వాన పడేలోగా పిల్లలకి ఒక గూడు కావాలి, ఆమె అడిగేది అంతే.

"నీ ఇంటికి ఎన్ని వాకిళ్లే?" అన్నాడు జిత్తప్ప.

"రెండయ్యా. ముందొకటి, వెనక దొడ్డిదారి."

"ఒక్క వాకిలుంటేనే ఇల్లు. రెండుంటే కన్నం. చట్టంలో అలాగే రాశాను. కన్నం పోయినవాళ్లకి గుహ రాదు."

"రాసేటప్పుడు మమ్మల్ని ఒక్కమాట అడగాల్సింది."

"గాదె కింది పందికొక్కుల్ని అడిగి చట్టాలు రాస్తారటే?"

అప్పుడే పక్క గుహలోకి జిత్తప్ప బావమరిది సామాను మోసుకెళ్తున్నాడు. వాడి ఇల్లు యుద్ధంలో పోనేలేదు.

"దొడ్డిదారి పనికిరాదన్నావు. మరి మీ బావమరిది ఏ దారిన వచ్చాడయ్యా?" అంది కోనమ్మ. జవాబు కోసం ఆగకుండా గట్టు వెనక్కి పోయి తవ్వడం మొదలెట్టింది. చట్టం కాదన్న ముంగిసలూ, ఏదుపందులూ వచ్చి చేరాయి. తొలి వాన పడేసరికి అందరికీ ఇళ్లున్నాయి, ప్రతి ఇంటికీ దొడ్డిదారి ఉంది. కోనమ్మ పిల్లలు పొడినేల మీద పడుకున్నారు.

ఆ వారమే పట్టపగలు తోడేళ్లు గట్టెక్కాయి. గట్టు వెనకవాళ్లు ఈ వాకిట్లో దూరి ఆ వాకిట్లో తేలి, వాటిని ముప్పుతిప్పలు పెట్టారు. జిత్తప్ప మాత్రం బంధువులందరితో తన గుహలో దూరాడు. ఉన్నది ఒక్క వాకిలి. అందులో ఒక తోడేలు తాపీగా కూర్చుంది. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారని ఊరికే అనలేదు పెద్దలు.

జిత్తప్ప వెనక గోడ గీకాడు. "కోనమ్మక్కా, కాస్త ఇటు తవ్వవే తల్లీ."

"దొడ్డిదారా దొరా? చట్టం ఒప్పుకోదేమో," అని గోడవతల నుంచి వినబడింది.

"నేను రాసిందేగా, నేనే కొట్టేస్తా."

"అయితే అందరికీ వినబడేలా చెప్పు."

చెప్పాడు. తోడేలుకి కూడా వినబడింది. నిజానికి కోనమ్మ ఆ మాట్లాడినంతసేపూ తవ్వుతూనే ఉంది. ఎదటివాడి ప్రాణం పోతుంటే చూస్తూ కూర్చునే జాతి కాదది. పందికొక్కు అని ఎవరినైనా తిట్టేముందు కాస్త ఆలోచించుకోండి.

ఒళ్లంతా మట్టితో, బంధువర్గాన్ని వెంటేసుకుని జిత్తప్ప కన్నంలోంచి పాక్కుంటూ బయటికొచ్చాడు. కబురంది పరుగెత్తుకొచ్చిన ఎలుగుబంటి తోడేళ్లని తరిమేసి ఎదురుగా నిలబడి ఉన్నాడు. జరిగిందంతా విని, ఇళ్ల పంపకం కోనమ్మకి అప్పగించాడు. బావమరిది గుహా, జిత్తప్ప గుహా ఖాళీ అయ్యాయి.

మర్నాడు ఇల్లు కావాలని వచ్చినవాళ్ల వరసలో చివరన జిత్తప్ప నిలబడ్డాడు.

"ఎన్ని వాకిళ్లు పెట్టమంటావు?" అంది కోనమ్మ.

"రెండమ్మా," అన్నాడు తల దించుకుని.

నీతి: ఇళ్ల చట్టం రాసేవాడు ముందు ఇల్లు పోయినవాళ్లని అడగాలి.