శ్రీవత్సాచారి డిస్కు

"స్వామీ, ఒకే పంక్తిలో కూర్చోబెట్టి ఒకరికి నెయ్యి, ఒకరికి నీళ్లు వడ్డించడం న్యాయమా?"

అడిగినవాడు శ్రీవత్సాచారి. అడిగింది ఎవరినో అనుకునేరు, మఠంలో పంచాంగ గణితం చెప్పే వరదగురుస్వామి వారినే! అసూయ నోరు తెరిస్తే ఎదుట ఉన్నది గురువో దేవుడో చూడదు కదండీ.

స్వామివారి దగ్గర శ్రీవత్సాచారి, వకుళాచారి అని ఇద్దరు శిష్యులు. తిథి నక్షత్రాలు లెక్కకట్టే ప్రోగ్రాం ఎవరికి వారు రాస్తున్నారు. ఎవరిది ముందు సిద్ధమైతే ఈ ఏటి మఠం పంచాంగం వారి పేరుతో అచ్చు వేయిద్దామని పెద్దలు తీర్మానించారు. కంప్యూటర్లు మాత్రం భక్తులిచ్చిన పాతవి. రాసిన ప్రోగ్రాం యంత్రానికి అర్థమయ్యేలా కంపైల్ కావాలంటే, అది వందల కొద్దీ చిన్న ఫైళ్లను డిస్కులోంచి ఏరి తెచ్చుకోవాలి. వకుళానిది ఇట్టే అయిపోయేది. శ్రీవత్సానిది ముక్కుతూ మూలుగుతూ సాగేది.

"ఏమోయ్, నీ మిషన్ ఇంకా సంకల్పమే చెప్పుకుంటోందా? మా దగ్గర తీర్థప్రసాదాలు కూడా అయిపోయాయి!" అనేవాడు వకుళం. సరదాకే అనేవాడు, పాపం. శ్రీవత్సానికి మాత్రం ఆ మాట గుండెలో ముల్లై దిగేది. వకుళం మజ్జిగ తాగడానికి లేచినా, పని ముగించేశాడు కాబోలని ఇతనికి చెమటలు పట్టేవి.

ప్రశ్న విని స్వామివారు కోప్పడలేదు. "అయితే మిషన్లు మార్చుకోండి" అన్నారు.

ఆ మఠంలో ఒక ఆచారం ఉంది. డిస్కు కూడా గ్రంథమేనని, తాళపత్రాల లాగే పొద్దుపోయాక ఊడదీసి పెరుమాళ్ల సన్నిధిలో భద్రపరుస్తారు. అందుకని ఎవరి డిస్కు వారు పట్టుకుని కుర్చీలు మారారు. చిత్రం చూడండి! శ్రీవత్సం ఈసడించిన మిషన్ వకుళం కింద గుర్రంలా పరుగెత్తింది. కోరి తెచ్చుకున్న మిషన్ శ్రీవత్సం కింద మళ్లీ చతికిలబడింది.

"నాకిచ్చిన డిస్కే పుచ్చుది స్వామీ!"

"రెండూ ఒక్క పెట్టెలోంచే తీశాను నాయనా. ఏదీ, కంపైల్ ఆపి దాని మీద చెయ్యి పెట్టు."

చెయ్యి పెట్టాడు. ఆపినా సరే, లోపల గరగరమని తిరుగుతూనే ఉంది. వేడి.

"నువ్వు ఏ పనీ చెప్పలేదు కదా. మరి ఎవరి కోసం ఇంత ఆయాసపడుతోంది?"

శ్రీవత్సం తల దించుకున్నాడు. వకుళం ఎంతవరకు రాశాడో తెలుసుకోవాలని, మొదటి నెలలోనే ఒక చిన్న ప్రోగ్రాం పెట్టుకున్నాడు. అది రెండు మిషన్లనూ కలిపిన తీగ వెంట పోయి వకుళం ఫైళ్లన్నీ గాలించి, నకళ్లు తెచ్చి, తన ఫైళ్లతో పోల్చి చూస్తుంది. మళ్లీ పోతుంది, మళ్లీ తెస్తుంది. దానికి క్షణం తీరిక లేదు.

"డిస్కులో చదివే ముల్లు ఒక్కటే నాయనా. పొద్దస్తమానం పొరుగింటి గుమ్మంలో నిలబెడితే, నీ ఇంటి పని ఎప్పుడు చేస్తుంది?"

శ్రీవత్సం మిషన్ వైపు తిరిగాడు. ఆ వేగు ప్రోగ్రాం తీసేశాడు. తెచ్చిన నకళ్లన్నీ చెరిపేశాడు. మళ్లీ కంపైల్ చేసి, తెర మీద తన అక్షరాలు తప్ప మరొకటి చూడకుండా కూర్చున్నాడు. ఈసారి చకచకా అయిపోయింది. అప్పటికే వకుళం లేచి హారతికి వెళ్లిపోయాడు. పక్క కుర్చీ ఖాళీ అయిన సంగతి ఇతనికి తెలియనే లేదు.

"ఎవరిది ముందైంది?" అని అడిగారు స్వామివారు.

"చూడలేదు స్వామీ."

"రేపటి తిథి ఏమొచ్చింది?"

"ఏకాదశి స్వామీ."

స్వామివారు ఉత్తరీయం సర్దుకుని లేచారు.

"వకుళానికీ అదే వచ్చింది. ముందు ఎవరు చెబితేనేం నాయనా, రేపు ఇద్దరికీ ఉపవాసమే."